1940ల్లో చైనా ముక్కలుగానే ఉండిపోయే అవకాశం నిజంగా ఉందా?

ప్రశ్న అడిగినవారు ఒక నవల మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలోనే పెద్ద దేశాలు చైనాను పంచేసుకుంటాయి, ఆ పంపకం ఇప్పటిదాకా అలాగే నిలిచిపోతుంది. తూర్పు తీరం జపాన్‌ది, వాయవ్యం సోవియట్లది, దక్షిణం బ్రిటన్‌ది, మధ్యలో సిచువాన్ కొండల్లో చైనా జాతీయవాద నేత చియాంగ్ కై షేక్ సర్కారు. మ్యాప్ కూడా గీసి పెట్టి, ఇది నమ్మేలా ఉందా, ఎక్కడ తప్పుంది అని అడిగారు.

మ్యాప్ శ్రద్ధగా చూశాను. దక్షిణం వదిలేస్తే రంగులు దాదాపు సరిగ్గానే వేశారు. గీతల దగ్గరే నాకు అభ్యంతరం.

నేను కాలేజీలో ఆసియా చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ముప్ఫై ఏళ్ళుగా ఆ కాలపు చైనా స్టాంపులు, కవర్లు పోగుచేస్తున్నాను. ఈ సమాధానం కూడా ఆల్బమ్ పక్కన పెట్టుకునే రాస్తున్నాను. దేశం ఎక్కడ విడిపోయిందో, ఎక్కడ విడిపోయినట్టు కనిపిస్తూనే కలిసి ఉందో పోస్టాఫీసును చూస్తే తెలిసినంత బాగా యుద్ధ పటాలు చూస్తే తెలియదని నా నమ్మకం.

ముందుగా, చైనా ముక్కలవడాన్ని మీరు ఊహించి రాయాల్సిన పనిలేదు. 1944 నాటికి అది ముక్కలై ఉంది.

ఈశాన్యంలో మంచుకువో. 1931 సెప్టెంబర్ 18 రాత్రి ముక్‌డెన్ దగ్గర రైలు పట్టాల మీద జపాన్ సైనికులే పేలుడు జరిపి, ఆ నెపంతో మంచూరియా అంతా ఆక్రమించుకున్నారు. 1932 మార్చి 1న దాన్ని దేశంగా ప్రకటించి, పదవి పోగొట్టుకున్న చివరి చక్రవర్తి పూయీని తెచ్చి కూర్చోబెట్టారు. సరిగ్గా రెండేళ్ళకు మళ్ళీ చక్రవర్తిని చేశారు. చాంగ్‌చున్ ఊరికి 'కొత్త రాజధాని' అని పేరు పెట్టారు. దానికి పడమరన, లోపలి మంగోలియాలో, దే వాంగ్ అనే మంగోల్ రాజును ముందు నిలబెట్టి మెంగ్‌జియాంగ్ అనే ఇంకో ముక్క. బీజింగ్‌లో 1937 డిసెంబర్‌లో ఒక ప్రభుత్వం, నాన్‌జింగ్‌లో 1938 మార్చిలో మరొకటి. 1940 మార్చి 30న ఆ రెండింటినీ కలిపి, వాంగ్ జింగ్‌వెయ్ కింద 'జాతీయ ప్రభుత్వం' అన్నారు. ఉత్తర చైనా మాత్రం పేరుకే ఆయన కింద ఉంది, పెత్తనం అక్కడి జపాన్ సైన్యానిదే.

అటు సోవియట్ల నీడలో బయటి మంగోలియా 1924 నుంచే వేరుగా ఉంది. పక్కనే ఉన్న తువాను 1944 అక్టోబర్‌లో స్టాలిన్ ఏకంగా తన దేశంలో కలిపేసుకున్నాడు. షింజియాంగ్‌లో షెంగ్ షిత్సాయ్ అనే సైనికాధికారి 1933 నుంచి మాస్కో అండతో ఏలాడు. 1938లో సోవియట్ కమ్యూనిస్టు పార్టీలో సభ్యత్వం కూడా తీసుకున్నాడు. హామీ పట్టణంలో ఎర్రసైన్యం దళం తిష్ఠ వేసింది. 1942లో జర్మన్ల చేతిలో స్టాలిన్ పని అయిపోయిందనుకుని, గోడ మీద పిల్లిలా చియాంగ్ వైపు దూకాడు. మావో సొంత తమ్ముడు మావో జెమిన్‌ను 1943లో చంపించింది ఇతనే. మీ నవలలో ఇతనికి పెద్ద పాత్ర ఇవ్వండి. ఇలాంటివాళ్ళు సరిహద్దును ఒక్క రాత్రిలో వెయ్యి మైళ్ళు జరపగలరు.

ఇక 'స్వతంత్ర చైనా' అనే భాగం. రాజధాని చోంగ్‌చింగ్, మన పాత పత్రికలు చుంకింగ్ అని రాసేవి. లోపల మాత్రం రాష్ట్రానికో సేనాని, ఎవరికి వారే యమునా తీరే. యున్నాన్‌లో లుంగ్ యున్, షాన్సీలో యెన్ షీషాన్, చింగ్‌హాయ్, నింగ్‌షియాల్లో మా వంశం వాళ్ళు, గ్వాంగ్‌షీలో లీ జోంగ్‌రెన్, బాయ్ చోంగ్‌షీ. యెన్ షీషాన్ తన రాష్ట్రంలో వేయించిన రైలు మార్గం మీటర్ గేజ్. చుట్టూ ఉన్న స్టాండర్డ్ గేజ్ బండ్లు దాని మీదికి రాలేవు. ఉత్తరాన యెనాన్ కేంద్రంగా కమ్యూనిస్టులు ఉన్నారు. జపాన్ వాళ్ళు పట్టణాలు, రైలు మార్గాలు పట్టుకుంటే, వాటి మధ్య పల్లెల్లో వీళ్ళు విస్తరించారు. 1945 ఏప్రిల్ మహాసభలో తమ సభ్యుల సంఖ్య 12 లక్షలని, తమ ఏలుబడిలో తొమ్మిదిన్నర కోట్ల మంది ఉన్నారని చెప్పుకున్నారు. టిబెట్‌లో 1913 నుంచి చైనా పెత్తనమే లేదు.

బ్రిటన్‌ను మాత్రం మీ మ్యాప్ నుంచి తీసేయాలి. దాని చేతిలో ఉన్నది హాంకాంగ్, అది 1941 డిసెంబర్ 25న పోయింది. 1943 జనవరి 11న బ్రిటన్, అమెరికా రెండూ చైనాలో తమ పౌరులకున్న ప్రత్యేక హక్కులను ఒప్పందం రాసి మరీ వదులుకున్నాయి. దక్షిణ చైనాను పట్టుకు కూర్చునే బలం, ఉద్దేశం లండన్‌కు లేవు. బర్మానే చేజారిపోయింది కదా.

ఇప్పుడు ఆల్బమ్ తెరుస్తాను. అసలు విషయం ఇందులోనే ఉంది.

ఒక పేజీలో వరుసగా స్టాంపులు, అన్నిటి మీదా ఒకటే ముఖం. సున్ యట్ సెన్. 1912లో రిపబ్లిక్‌కు తొలి తాత్కాలిక అధ్యక్షుడు, అందరూ జాతిపిత అని ఒప్పుకున్న మనిషి. స్టాంపు ఒకటే, దాని మీద తర్వాత అచ్చొత్తిన అక్షరాలు వేరు. ఒకదాని మీద 'షింజియాంగ్‌లో మాత్రమే వాడాలి' అని ఉంటుంది. అక్కడి డబ్బు విలువ తక్కువ. అక్కడ చవగ్గా కొని షాంఘైలో వాడేసుకుంటారని ఆ ముద్ర. పక్కవి 1941లో జపాన్ ఆక్రమిత ఉత్తరాన వచ్చినవి. అదే సున్ యట్ సెన్ మీద హెబెయ్, హెనాన్, షాన్సీ, షాన్‌డోంగ్, ఉత్తర జియాంగ్సు, మెంగ్‌జియాంగ్ అని ఆరు రకాల ముద్రలు. 1942లో వాటి బదులు 'హువాబెయ్', అంటే ఉత్తర చైనా అని ఒకే ముద్ర. దానితోపాటు ధర సగానికి తగ్గించారు. ఒక్క పేజీలో ఇన్ని చైనాలు. కానీ ముఖం మారలేదు, స్టాంపు మీద అచ్చయి ఉన్న 'చైనా రిపబ్లిక్ తపాలా' అనే అక్షరాలను ఎవరూ కొట్టేయలేదు.

నా దృష్టిలో మీ ప్రశ్నకు సగం జవాబు ఇదే. ఈ పేజీలో ఉన్న ముక్కల్లో ఎవరూ 'నేను ముక్కను' అని ఒప్పుకోలేదు. ప్రతివాడూ నేనే చైనా అన్నాడు.

వాంగ్ జింగ్‌వెయ్‌నే చూడండి. అతన్ని జపాన్ తొత్తు అని ఒక్క మాటలో కొట్టిపారేస్తే మీ నవల బలహీనపడుతుంది. 1910లో చింగ్ రాజవంశపు రాజప్రతినిధిని బాంబుతో చంపబోయి పట్టుబడి జైలుకెళ్ళిన విప్లవ వీరుడు. 1925లో మంచాన పడ్డ సున్ యట్ సెన్ చివరి వీలునామాను రాసింది ఇతని చెయ్యే. అలాంటివాడు 1938 డిసెంబర్‌లో చోంగ్‌చింగ్ నుంచి జారుకుని హనోయ్ చేరాడు. 1939 మార్చిలో అక్కడ హంతకులు వచ్చి, పొరపాటున అతని కార్యదర్శిని చంపారు. ఏడాది తిరిగేసరికి నాన్‌జింగ్‌లో ప్రభుత్వం పెట్టాడు. కొత్త దేశం స్థాపిస్తున్నానని అతను అనలేదు, 'రాజధానిని తిరిగి నాన్‌జింగ్‌కు తెచ్చాం' అన్నాడు. జెండా కూడా చియాంగ్ ఎగరేసేదే. రెండు సైన్యాలకూ జెండా ఒకటే అయితే యుద్ధంలో తేడా ఎలా తెలుస్తుందని జపాన్ అధికారులు పట్టుబట్టి, దాని పైన పసుపు రంగు తోక గుడ్డ ఒకటి కట్టించారు. దాని మీద 'శాంతి, కమ్యూనిస్టు వ్యతిరేకత, దేశ నిర్మాణం' అని రాసి ఉండేది. రెండు చైనాల మధ్య కంటికి కనిపించే తేడా ఆ గుడ్డముక్క. ఈ దృశ్యం మీ నవలలో తప్పకుండా ఉండాలి.

మంచుకువో స్టాంపుల పేజీ వేరుగా ఉంటుంది. అక్కడ సున్ యట్ సెన్ లేడు. ల్యావ్‌యాంగ్ బౌద్ధ స్తూపం, పూయీ ముఖం ఉంటాయి. దేశం పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. జపాన్ నిలబెట్టిన ముక్కల్లో ఈ ఒక్కటే నేను వేరే దేశాన్ని అని గట్టిగా చెప్పుకుంది. కానీ అదే పేజీ అడుగున 1935 నాటి స్టాంపులు కొన్ని పెట్టుకున్నాను. ఒకదాని మీద ఆర్కిడ్ పువ్వు, ఇంకోదాని మీద కొండ, నది. ధర ఉంది, తపాలా అని ఉంది. దేశం పేరు లేదు. అచ్చు పొరపాటేమీ కాదు, కావాలనే తీసేశారు.

కారణం ఇదీ. మంచూరియాలో ఉన్నవాళ్ళు అత్యధికులు హాన్ చైనీయులే, 1940 నాటికి జనాభా నాలుగు కోట్లు దాటింది. షాన్‌డోంగ్, హెబెయ్‌ల నుంచి వలస వెళ్ళిన కూలీలు, రైతులు. వాళ్ళు ఇంటికి ఉత్తరం రాయాలి, డబ్బు పంపాలి. 1932లో చైనా తపాలా శాఖ అక్కడి నుంచి తప్పుకుంది, మంచుకువో స్టాంపును గుర్తించనంది. గుర్తిస్తే దేశాన్నే గుర్తించినట్టవుతుంది. గుర్తించకపోతే కోట్ల మంది తల్లిదండ్రులకు ఉత్తరాలు ఉండవు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. చివరికి కుదిరిన ఏర్పాటు ఏమిటంటే, మహాకుడ్యానికి రెండు వైపులా ఉన్న రెండు ప్రభుత్వాలూ ఉత్తరాలు నేరుగా ఇచ్చిపుచ్చుకోవు. షాన్‌హైగ్వాన్‌లో, గూబెయ్‌కోలో మధ్యవర్తి కార్యాలయాలు పెట్టి వాటి ద్వారా సంచులు మార్చుకుంటారు. చైనాకు వచ్చే కవరు మీద దేశం పేరు లేని ఈ స్టాంపు అంటిస్తారు. 1935 జనవరి నుంచి ఉత్తరాలు నడిచాయి. దానికి ఆరు నెలల ముందు, 1934 జులైలో, బీజింగ్ నుంచి ముక్‌డెన్‌కు రైలు కూడా ఇలాగే మొదలైంది. రెండు రైల్వేల మధ్య నేరుగా ఒప్పందం లేదు, మధ్యలో ఒక ట్రావెల్ కంపెనీని సృష్టించి దాని పేరు మీద నడిపారు.

అంటే చైనా మంచుకువోతో పేరు పెట్టకుండా కాపురం చేసింది. అన్నీ జరిగాయి, సంతకం మాత్రం జరగలేదు. 1933 మే 31న తంగ్గూలో కాల్పుల విరమణ ఒప్పందం రాసుకున్నప్పుడు కూడా మహాకుడ్యానికి దక్షిణాన సైన్యం లేని పట్టీకి ఒప్పుకున్నారు గానీ, మంచుకువో అనే మాట ఎత్తలేదు.

నవలకు మీరు పెట్టుకోవాల్సిన అసలు ప్రశ్న చైనా ఎలా విడిపోతుంది అన్నది కాదు. విడిపోయినట్టు ఎవరు సంతకం పెడతారు? సైన్యాలు గీసిన గీత సైన్యం వెళ్ళిపోగానే చెరిగిపోతుంది. ఆ గీతకు అవతల ఉన్నవాడు ఒప్పుకుని సంతకం పెడితేనే నిలుస్తుంది. నేను చదివినంతలో, ఆల్బమ్‌లో చూసినంతలో దీనికి మినహాయింపు దొరకలేదు. బయటి మంగోలియానే తీసుకోండి. అది ఇవాళ్టికీ దేశంగా ఉంది. 1945 ఆగస్టు 14న చియాంగ్ ప్రభుత్వం స్టాలిన్‌తో ఒప్పందం చేసుకుంది, అక్టోబర్‌లో అక్కడ ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, 1946 జనవరిలో చైనా దాని స్వాతంత్ర్యాన్ని గుర్తించింది. 1945 ఆగస్టులోనే మంచుకువో పదిరోజుల్లో మాయమైంది. దాన్ని జపాన్, జర్మనీ, ఇటలీ లాంటి దేశాలు గుర్తించాయి, చైనా తరఫున వాంగ్ జింగ్‌వెయ్ కూడా 1940 నవంబర్ 30న గుర్తించాడు. కానీ సంతకం పెట్టినవాడి చేతిలో దేశం లేదు.

ఇక ఆ సంతకం పడే అవకాశం ఎప్పుడెప్పుడు వచ్చిందో చూద్దాం. నాకు మూడు కనిపిస్తున్నాయి. మూడింటికీ సమాన బలం లేదు.

మొదటిది 1937 చివర. జులై 7న మార్కో పోలో వంతెన దగ్గర యుద్ధం మొదలైంది, ఆగస్టు నుంచి నవంబర్ దాకా షాంఘైలో చియాంగ్ తన మేలైన సైన్యాన్ని పోగొట్టుకున్నాడు. అప్పుడు జర్మనీ రాయబారి ట్రౌట్‌మన్ రాజీకి ప్రయత్నించాడు. జపాన్ మొదటి షరతుల్లో లోపలి మంగోలియాకు స్వయంప్రతిపత్తి, ఉత్తరాన సైన్యం లేని పట్టీ, కమ్యూనిస్టులను అణచడంలో సహకారం లాంటివి ఉన్నాయి. డిసెంబర్ మొదట్లో చియాంగ్ వీటి మీద మాట్లాడదామన్నాడు. పది రోజుల్లో, డిసెంబర్ 13న, నాన్‌జింగ్ జపాన్ చేతికి చిక్కింది. ఆ తర్వాత వారాల తరబడి ఆ ఊళ్ళో జరిగిన హత్యలు, అత్యాచారాలు మీకు తెలిసే ఉంటాయి. టోక్యోలో గెలుపు మత్తు ఎక్కింది, షరతులు పెంచారు, పరిహారం కూడా అడిగారు. 1938 జనవరి 16న ప్రధాని కొనోయే ఇకపై చియాంగ్ ప్రభుత్వంతో మాట్లాడేదే లేదని ప్రకటించాడు. చేతిలో ఉన్న తలుపును వాళ్ళే మూసేసుకున్నారు.

మీరు అక్కడ చరిత్రను మలుపు తిప్పి, నాన్‌జింగ్‌కు ముందే జపాన్ ఆగిందని రాయవచ్చు. నమ్మేలా ఉంటుంది. కానీ అది ఎంతకాలం నిలిచేది? ఒక ఏడాది వెనక్కి వెళ్ళండి. 1936 డిసెంబర్ 12న షీఆన్‌లో చియాంగ్‌ను సొంత సేనానులే బంధించారు. ముఖ్యుడు జాంగ్ షుయెలియాంగ్, మంచూరియాను పోగొట్టుకున్నవాడు. మన ఊళ్ళు జపాన్ పట్టుకుపోతే నువ్వు కమ్యూనిస్టులతో కొట్లాడుతున్నావేమిటన్నది అతని ఫిర్యాదు. జపాన్‌తో పోరాడతానన్న భరోసా మీదే చియాంగ్ బయటపడ్డాడు. అలాంటివాడు ఏడాదికే ఉత్తరాన్ని రాసిచ్చి సంతకం పెడితే బతికి బట్టకట్టేవాడా? నా అంచనా, ఆ శాంతి అయిదేళ్ళు కూడా ఉండేది కాదు. సంతకం పెట్టిన చియాంగ్‌ను కూలదోసి, పెట్టనన్నవాడు వచ్చేవాడు.

1940లో హాంకాంగ్‌లో జరిగిన రహస్య మంతనాలు కూడా ఈ కథలోవే. చియాంగ్ బావమరిది సోంగ్ జిలియాంగ్‌నంటూ జపాన్ వాళ్ళ ముందు కూర్చున్నవాడు నిజానికి చియాంగ్ గూఢచారి శాఖ మనిషి. నెలల తరబడి సాగిన ఆ మాటలు తెగిపోయింది కూడా మంచుకువో గుర్తింపు దగ్గర, జపాన్ సైన్యం ఉండిపోవడం దగ్గరే.

రెండో అవకాశం 1941. ఏప్రిల్ 13న సోవియట్ యూనియన్, జపాన్ తటస్థ ఒప్పందం చేసుకున్నాయి. దానికి జోడించిన ప్రకటన చిన్నది, కానీ మీ నవలకు ప్రాణం లాంటిది. మంగోలియా సరిహద్దుల జోలికి జపాన్ రాదు, మంచుకువో సరిహద్దుల జోలికి సోవియట్ రాదు. చైనా లేకుండా చైనాను పంచుకున్న కాగితం అది. సోవియట్లు అంతకు ముందే, 1935 మార్చిలో, మంచూరియా మీదుగా వెళ్ళే తమ రైలు మార్గాన్ని 14 కోట్ల యెన్‌లకు మంచుకువోకు అమ్మేశారు. రష్యా వాళ్ళ వెడల్పాటి పట్టాలను హార్బిన్ నుంచి చాంగ్‌చున్ దాకా ఒక్క రాత్రిలో స్టాండర్డ్ గేజ్‌కు జరిపేశారు. అమ్మినవాడు ఇక వెనక్కి రానని చెప్పినట్టే కదా. హిట్లర్ 1941 జూన్‌లో రష్యా మీద పడకుండా ఉంటే ఈ ఏర్పాటు చాలాకాలం సాగేది. షింజియాంగ్ స్టాలిన్‌దే అయ్యేది, షెంగ్ అనే ఆ గోడ మీద పిల్లికి దూకాల్సిన అవసరం వచ్చేది కాదు. మీ మ్యాప్‌కు అతి దగ్గరగా ఉన్న దారి ఇదే. అయినా ఇందులో కూడా చైనా సంతకం లేదు. ఇద్దరు దొంగలు సొత్తు పంచుకున్నారు, ఇంటివాడు ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

మూడోది 1945. నా మటుకు నేను దీనికే ఓటు వేస్తాను. జపాన్ లొంగిపోయినప్పుడు ఎవరు ఎవరికి లొంగాలో చెబుతూ మిత్రరాజ్యాలు ఒక ఆదేశం ఇచ్చాయి. ఆ ఒక్క కాగితంలో మూడు గీతలున్నాయి. కొరియాలో 38వ అక్షాంశం. ఇండోచైనాలో 16వ అక్షాంశం. మూడోది చాలామంది గమనించరు. మంచూరియాలోని జపాన్ సేనలు సోవియట్లకు, మిగతా చైనాలోవి చియాంగ్‌కు లొంగాలి. అంటే ఇంచుమించు మహాకుడ్యం. మొదటి గీత కాస్త అటూ ఇటూ జరిగినా, అక్కడ ఇప్పటికీ రెండు దేశాలున్నాయి. వియత్నాంలో గీత 17వ అక్షాంశానికి జరిగి 1975 దాకా ఉంది. మూడోది ఒక్కటే దేశ సరిహద్దు కాలేదు.

ఎందుకు కాలేదంటే చియాంగ్ దాన్ని ఒప్పుకోలేదు. మంగోలియా వదులుకుని, దాల్యెన్ రేవులో, రైలు మార్గంలో, పోర్ట్ ఆర్థర్‌లో సోవియట్లకు హక్కులిచ్చి, బదులుగా మంచూరియా తనదేనని స్టాలిన్ చేత సంతకం పెట్టించుకున్నాడు. 1946 మేలో సోవియట్ సైన్యం కర్మాగారాల యంత్రాలు విప్పుకుని మరీ వెళ్ళిపోయింది. అమెరికా ఓడల్లో, విమానాల్లో చియాంగ్ సేనలు ఉత్తరానికి వెళ్ళి, సీపింగ్, చాంగ్‌చున్ పట్టుకుని, హార్బిన్ చేరకుండానే జూన్‌లో అమెరికా సేనాని మార్షల్ ఒత్తిడి మీద ఆగిపోయాయి. అప్పటి నుంచి ఆ సేనలు పొడవాటి రైలు మార్గానికి వేలాడుతూ, రెండేళ్ళలో అక్కడే నాశనమయ్యాయి. 1948లో మంచూరియా పోయాక బీజింగ్ పోవడానికి మూడు నెలలు కూడా పట్టలేదు.

మీరు మార్చాల్సింది ఇక్కడ ఒక్క నిర్ణయం. చియాంగ్ మంచూరియాకు వెళ్ళలేదు. అతని సేనలు మహాకుడ్యం దగ్గర ఆగాయి. అప్పుడు హార్బిన్ రాజధానిగా, జపాన్ కట్టిన ఉక్కు కర్మాగారాలతో, పక్కనే సోవియట్ అండతో ఒక కమ్యూనిస్టు చైనా. దక్షిణాన అమెరికా అండతో నాన్‌జింగ్ చైనా. రెండు వైపులా సొంత డబ్బు, సొంత సైన్యం, వెనక ఒక పెద్ద దేశం. ఇద్దరూ నేనే చైనా అంటూనే ఉంటారు, కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు కొరియాలోలాగా యుద్ధం వస్తుంది. గెలుపు లేకుండా ఆగితే గీత గట్టిపడుతుంది. 1950 దాటి నిలిచే విభజన నాకు ఇదొక్కటే కనిపిస్తోంది. అది మీరు అనుకున్న నాలుగు రంగుల మ్యాప్ కాదు, రెండు రంగులది. టిబెట్, మంగోలియా, బహుశా ఇలీ లోయ వేరే రంగుల్లో మిగలవచ్చు. ఇలీలో 1944 నవంబర్‌లో సోవియట్ సాయంతోనే తూర్పు తుర్కిస్తాన్ రిపబ్లిక్ పుట్టింది మరి.

జపాన్ గెలిచి నిలబడే కథే కావాలని మీరు పట్టుబడితే, దానికి మన తీరం కూడా లెక్కలోకి వస్తుందని మరవకండి. లొంగిపోయే నాటికి కూడా ఒక్క చైనాలోనే, మంచూరియా కాకుండా, పది లక్షలకు పైగా జపాన్ సైనికులు ఇరుక్కుపోయి ఉన్నారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. ఊళ్ళు ఖాళీచేసి బండ్లు కట్టుకుని లోపలి పల్లెలకు పోయిన కుటుంబాల కథలు కోస్తాలో ఇప్పటికీ వినిపిస్తాయి. ఆ విమానాలు వచ్చిపోయాయి, వెనక సైన్యం రాలేదు. చియాంగ్ 1940లో సంతకం పెట్టేసి ఉంటే ఆ పది లక్షల్లో కొంత భాగం బర్మా దాటి ఎక్కడిదాకా వచ్చేదో నేను చెప్పను. నవలా రచయితగా మీరు తప్పకుండా ఆలోచించాలి. మిత్రరాజ్యాలు అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు ఆరు లక్షల టన్నులకు పైగా సరుకు విమానాల్లో మోసింది, రాంగఢ్‌లో చైనా సైనికులకు శిక్షణ ఇచ్చింది ఆ సంతకం పడకుండా చూడటానికే.

ఇంకో మాట, ఇది నాకు ముఖ్యం. మీ చిత్తు ప్రతిలో సేనానులున్నారు, రాయబారులున్నారు, గూఢచారులున్నారు. గీత పక్కన బతికిన మనిషి లేడు. ఆ మనిషి కావాలంటే హెనాన్ రాష్ట్రానికి వెళ్ళండి. 1938 జూన్‌లో జపాన్ సైన్యాన్ని ఆపడానికి చియాంగ్ సేనలే హ్వాయువాన్‌కోవ్ దగ్గర పసుపు నది గట్టు తెంచాయి. లక్షల మంది చైనా రైతులు ఆ నీళ్ళలో, ఆ తర్వాతి ఆకలిలో పోయారు. తెంచింది తామేనని చెప్పకుండా జపాన్ మీదికి నెట్టారు. అదే రాష్ట్రంలో 1942, 43ల్లో కరువు. రాష్ట్రంలో కొంత జపాన్ కింద, కొంత చోంగ్‌చింగ్ కింద, కొంత కమ్యూనిస్టుల కింద ఉంది. పంట పండకపోయినా సైన్యానికి ధాన్యం శిస్తు మాత్రం వసూలు చేశారు. 20 నుంచి 30 లక్షల మంది పోయారని అంచనా. 1944 ఏప్రిల్‌లో జపాన్ ఇచిగో దాడి మొదలుపెట్టి హెనాన్ మీద పడ్డప్పుడు, పారిపోతున్న చైనా సైనికుల తుపాకులు లాక్కుని కొట్టింది హెనాన్ రైతులే. విభజన మ్యాప్ మీద నీట్‌గా కనిపిస్తుంది. కింద అది ఇలా ఉంటుంది. ఇది చదివాక నేను కొన్నాళ్ళు ఆ పేజీలో ఉన్న 'హెనాన్' ముద్ర స్టాంపును మామూలుగా చూడలేకపోయాను.

డబ్బు గురించి కూడా రాయండి, తెలుగు పాఠకులకు బాగా అర్థమవుతుంది. హైదరాబాద్ రాజ్యంలో హాలీ సిక్కా, బయట బ్రిటిష్ కల్దార్ రూపాయి, ఏడు హాలీకి ఆరు కల్దార్ లెక్కన మార్చుకున్న రోజులు మన పెద్దవాళ్ళు చూశారు. అది రెండు డబ్బులు, స్థిరమైన లెక్క. చైనాలో చోంగ్‌చింగ్ నోటు ఫాబీ, బీజింగ్ బ్యాంకు నోటు, నాన్‌జింగ్ బ్యాంకు నోటు, మంచుకువో యువాన్, మెంగ్‌జియాంగ్ నోటు, జపాన్ సైన్యం అచ్చేసిన గున్‌ప్యో నోటు, కమ్యూనిస్టు ప్రాంతాల్లో ఎక్కడికక్కడ సొంత నోట్లు. 1942లో నాన్‌జింగ్ సర్కారు రెండు ఫాబీలకు తన నోటు ఒకటి ఇస్తానని బలవంతంగా మార్పించింది. రాత్రికి రాత్రి దాచుకున్నది సగమైంది. అయినా ఈ నోట్లన్నీ సందులో మార్చే మనుషులు ఉన్నారు. బట్ట, ఉప్పు, మందులు గీతలు దాటుతూనే ఉన్నాయి. చోంగ్‌చింగ్, నాన్‌జింగ్ ఒకరినొకరు ద్రోహులని తిట్టుకుంటున్న ఆ రోజుల్లోనే, వాంగ్ ప్రభుత్వంలో ఆర్థిక వ్యవహారాలు చూసే జౌ ఫోహాయ్ చియాంగ్ గూఢచారి పెద్ద దాయ్ లీతో రహస్యంగా టచ్‌లో ఉన్నాడు. 1945 ఆగస్టులో షాంఘైలో శాంతిభద్రతలు చూడమని చియాంగ్ ముందుగా నియమించింది అతన్నే. తర్వాత విచారణ జరిగింది, మరణశిక్ష పడి యావజ్జీవంగా మారింది, 1948లో జైల్లో పోయాడు.

ఈ గీతలు ఎంత పలచనివో ఇతని కథలో తెలుస్తుంది. మీ మ్యాప్‌లో అవి ఇటుక గోడల్లా ఉన్నాయి. వాటిని చెరిపి, చుక్కల గీతలు పెట్టండి. చుక్కల మధ్య ఖాళీల్లోంచి ఎవరెవరు దూరి వెళ్తున్నారో రాయండి.

మొదటి అధ్యాయం ఎక్కడ పెట్టాలని కూడా అడిగారు. నేనైతే షాన్‌హైగ్వాన్‌లో పెడతాను. మహాకుడ్యం సముద్రాన్ని తాకే ఊరు. ఆ మధ్యవర్తి తపాలా కార్యాలయంలో ఒక గుమాస్తా. ఉత్తరం నుంచి సంచి వచ్చింది. విప్పి ఒక్కొక్క కవరే చూస్తున్నాడు, దేశం పేరు ఉన్న స్టాంపు పొరపాటున ఎవరైనా అంటించారేమోనని. అలాంటిది ఒకటి దొరికింది. షాన్‌డోంగ్‌లో ఒక తల్లికి కొడుకు రాసిన ఉత్తరం. దాన్ని దక్షిణం సంచిలో వేయాలా, తిప్పి పంపాలా, ఆ గుమాస్తానే తేల్చుకోవాలి. అక్కడి నుంచి రాయండి. మార్చిన మ్యాప్ పంపితే మళ్ళీ చూస్తాను.